అప్పుఘర్ దగ్గర నేను వెయ్యని కేక

పేడాడ త్రినాథరావు అనే నేను, కీర్తిశేషులు శ్రీరామ్మూర్తి కుమారుణ్ణి, వయసు అరవై నాలుగు, పోర్టులో రిటైరైనవాణ్ణి, మల్కాపురంలో నా ఇంట కూర్చుని, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్న వీలునామా. దీన్ని నా చావుదాకా దాచొద్దు. రేపు మధ్యాహ్నంలోపల నా చెల్లెలు చిలకమ్మ ఇంట్లో చదవాలి. అమలు బాధ్యత నా కూతురు హిమబిందుది.

1. ఈ ఇల్లు, పెరట్లో మునగచెట్టుతో సహా, హిమబిందుకి. కొమ్మలు తన గోడమీద పడుతున్నాయని పక్కింటి నీలకంఠం పదేళ్ళు నాతో మాట్లాడలేదు. కాయలు మాత్రం కోసుకున్నాడు. ఇకముందూ కోసుకోనివ్వాలి.

2. నా ఇత్తడి విజిల్ చిలకమ్మ మనవడు చింటూకి. ఎంత గట్టిగా ఊదినా ఎవరూ కసరకూడదు.

3. నా కవిత ‘పిలుపు’ అచ్చయిన వారపత్రిక ఎవరికీ ఇవ్వడం లేదు. కాల్చెయ్యాలి. చిలకమ్మ పటం కట్టించి గోడకి పెట్టుకున్నది కూడా.

2009లో హిమబిందు ఏడేళ్ళ పిల్ల, మెదడువాపుతో ఆసుపత్రిలో ఉంది. గిరిప్రదక్షిణ ముప్పై రెండు కిలోమీటర్లూ నోరు విప్పకుండా నడుస్తానని సింహాచలం అప్పన్నకి మొక్కుకున్నాను. చిలకమ్మ భర్త తాతబాబు తోడొచ్చాడు. అప్పుఘర్ దగ్గర సముద్రస్నానానికి ఆగాం. “బావా, నానిటు ములుగుతాను, సూత్తుండు” అని రాళ్ళ పక్కన దిగాడు. అక్కడ గొయ్యి ఉందని నాకు తెలుసు. పోర్టులో పద్దెనిమిదేళ్ళు అతను ఓడ అడుగున సరుకెత్తేవాడు, పైన నిలబడి ప్రమాదం వస్తే కేకెయ్యడం నా పని. నా కేక వినపడలేదంటే భయం లేదనే అతని నమ్మకం. రెండుసార్లు తిరిగి నా మొహం చూశాడు. నోరు విప్పితే నా బిడ్డ పోతుందనుకున్నాను. విప్పలేదు.

సముద్రం పిలిస్తే నవ్వుతూ వెళ్ళాడని కవితలో రాశాను. అందరూ మెచ్చుకున్నారు. అతను నవ్వలేదు. మూడోసారి నాకేసి చూసేసరికి నీళ్ళు గడ్డందాకా ఉన్నాయి. నెల తిరక్కుండా హిమబిందు లేచి నడిచింది. అప్పట్నించీ దాని మొహం చూస్తే సంతోషం, వెనకే భయం.

4. మేనల్లుడు సాయిశంకర్‌కి: నీ కొడుకు చింటూకి ఫిట్స్ తగ్గాలని నువ్వూ మౌనం మొక్కుకున్నావట. రేపు కొండకింద తొలిపావంచా మెట్టు దగ్గర కొబ్బరికాయ కొట్టి ప్రదక్షిణకి బయలుదేరతావట. కవితలో ఉంది కాబట్టి నాన్న దిగిన చోటే మునుగుతానన్నావట. నాలుగు రోజులుగా సముద్రం పోటుమీద ఉంది. నీతో వచ్చే నలుగురిదీ అదే మొక్కు. అంటే నీకోసం కేకెయ్యడానికి ఒక్కడూ ఉండడు. ఆ మొక్కు వదిలెయ్యి. దోషం ఉంటే నాకు తగలనీ.

5. చిలకమ్మా, నీకివ్వదగింది నా దగ్గరేదీ లేదు. నా శవాన్ని చూడనంటే నిన్నెవరూ బలవంతం చెయ్యకూడదు. ఈ సంగతి చెప్పాలని ఎన్నోసార్లు మీ ఇంటికొచ్చి, టీ తాగి వెళ్ళిపోయాను. అందుకే కాగితం మీద పెట్టాను.

2025 జూలై 8, సాయంత్రం.
(సంతకం) పేడాడ త్రినాథరావు

సాక్షులు:
1. నీలకంఠం, పక్కింటివాడు (సంతకం)
2. గంగాలమ్మ, ఎదురింటావిడ (వేలిముద్ర)

చదివి వినిపించాక వేలిముద్ర వేసి గంగాలమ్మ అన్నమాట కూడా ఇందులో చేరుస్తున్నాను: “కాయితం సాల్దు బాబూ. లెగిసి ఎల్లి సెప్పు.”

వెళ్తున్నాను.