పడవకు కప్పిన కళ్లం బరకం

మంగళవారం

పడవకు కొత్త కవరు కుట్టమని పురమాయించి వచ్చాను. మనసు తేలికపడింది. ఆదివారం జరిగింది మాత్రం ఇంకా కళ్లముందే ఉంది.

మిరప కళ్లంలో కుప్పల మీద కప్పే బరకమే పడవకూ చాలనుకున్నాను. నాలుగు మూలలా తాళ్లు కట్టి, పడవను ట్రాలీ మీద సింగరాయకొండ నుంచి గుంటూరుకు మరమ్మతుకు తెస్తున్నాను. హైవే మీద ఒక తాడు ఊడింది. బరకం లేచి, వెనక బైకు మీద వస్తున్నతని మొహానికి కొట్టుకుంది. అతని వెనక భార్య, ఆమె ఒళ్లో పాప. ఎలాగో పడిపోకుండా ఆపుకున్నాడు. బండి ఆపి దిగి, తిడతాడని తల దించుకున్నాను.

"ఇట్టా కడితే ఎవరో ఒకరు పోతారండీ," అని, ఊడిన తాడు తనే కట్టి వెళ్లిపోయాడు. పేరైనా అడగలేదు నేను.

ఇవాళ బరకాలు కుట్టే మస్తాన్ గారు మరమ్మతు షెడ్డుకు వచ్చారు. రెడీమేడ్ కవరు సరిపోదా అన్నాను. ఒప్పుకోలేదు.

"మిరప కుప్ప ఉన్నచోటే ఉంటదండీ, దానికి గాలాడాలి. రోడ్డెక్కే పడవకి గాలి దూరే సందే ఉండకూడదు. కొలతలు తీసే కుడతా. అడుగు నుంచి బెల్టులు కూడా పెడతా."

కొలవడానికి పాత బరకం తీయబోయారు. మూడు ముళ్లు లాగగానే ఊడొచ్చాయి. నాలుగోది కదల్లేదు.

"ఇది మీరు కట్టింది కాదే!" అని నవ్వారు.

కత్తితో కోస్తానంటే వద్దన్నాను. కూర్చుని నేనే విప్పాను, పావుగంట పట్టింది. ఆదివారం అతను ఈ ముడి వేస్తున్నంతసేపూ పాప ఏడుస్తూనే ఉంది. అయినా అంత ఓపిగ్గా కట్టాడు.