టన్నుకు వెయ్యి కిలోలే

లింగాలలో ఉన్న అన్నకు,

భీమవరం నుంచి నీ చెల్లెలు సుజాత నమస్కారాలు. నేనిక్కడ బాగానే ఉన్నాను, నా గురించి దిగులు పెట్టుకోవద్దు. వదిన, పిల్లలు బాగున్నారా? పెదనాన్న మోకాళ్ల నొప్పి తగ్గిందా?

ఇక్కడ ఒకటే ఉక్కపోత. హాస్టలు అన్నం తిని తిని సంగటి మీద ప్రాణం పోతోంది. ఎవరైనా వస్తుంటే వదిన చేతి ఊరుబిండి పంపు. ఇంజనీరింగ్ పిల్లలకు నేను చెప్పే మేనేజిమెంటు, ఎకనామిక్స్ అంటే నిద్రపోయే పీరియడు. పైగా నా యాస వింటే నవ్వు. చీనీకాయ అంటే వీళ్లకు తెలియదు, బత్తాయి అనాలట.

"ఎకనామిక్స్ చెప్తాండావు కదా పాపా, లెక్కేసి చెప్పు. తోట ఉంచేదా, కొట్టేసేదా?" అని పోయిన వారం ఫోన్లో అడిగావు. నాన్న నాటిన చీనీ చెట్లు. అప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. క్లాసులో లాభనష్టాల పాఠం వచ్చింది, మన తోట లెక్కనే బోర్డు మీద వేశాను. ఎరువులు, మందులు, కూలీలు, బోరు మోటారు అన్నీ వేశాక నష్టమే తేలింది.

వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. "టన్నంటే వెయ్యి కేజీలు కదండి మేడమ్? మీరు పదకొండొందలు వేశారేంటండి?"

అలవాటు అన్నా. మన వైపు కాయ తూచేటప్పుడు టన్నుకు వంద కిలోలు సూటు అని వ్యాపారికి ఊరికే ఇస్తాం కదా, నా చెయ్యి అదే వేసింది. వాళ్లకు విడమరిచి చెప్పాను. "ఎందుకివ్వాలండి?" అంది ఆ అమ్మాయి. క్లాసంతా మేలుకుని నా వైపే చూస్తోంది.

గుర్తుందా, సూటు కాయలు మనిద్దరమే పోటీలు పడి గంపలకెత్తేవాళ్లం. "మంచివి ఏరి వెయ్యండి, మనకు పేరుండాల" అనేవాడు నాన్న. వ్యాపారి నా బుగ్గ గిల్లి లారీ ఎక్కేవాడు. ఆ పూత వాసన, చెట్ల కింద అమ్మ పెట్టే సద్ది తలుచుకుంటే ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి. అంత సంతోషంగా ఇచ్చిందీ ఖర్చేనని మనకెవరికీ తట్టలేదు.

సూటు తీసేసి మళ్లీ లెక్క వేశాం. పెద్దగా మిగలదు గానీ, తోట నిలబడుతుంది.

ఫోన్లో చెబితే "సరేలే పాపా" అని పెట్టేస్తావని రాస్తున్నాను. చెట్లు కొట్టించొద్దు. ఈసారి టన్నుకు వెయ్యి కిలోలే తూచు. ఆ వ్యాపారి నాన్న కాలం నుంచి వస్తున్న మనిషి, ముఖం మీద ఎలా చెప్పేదని నువ్వు నలిగిపోతావు. ఆయన కొనకుండా వెళ్లిపోతాడేమోనని నాకూ భయమే.

పెదనాన్నకు, వదినకు దండాలు, పిల్లలకు ముద్దులు. పెద్దవాడివి, నన్ను దీవించు. లారీ వచ్చిన రోజు నీకు నోరు రాకపోతే ఫోన్ కలిపి ఆయన చేతికివ్వు. ఇక్కడ యాసకు నవ్వుతారని ఆచితూచి మాట్లాడుతున్నాను గానీ, "ఆ వంద కిలోలు ఊరికే ఎందుకియ్యాల మామా?" అని ఆయన్ను నేనే అడుగుతాను.

నీ చెల్లెలు,
సుజాత