నువ్వు బిగించిన నాలుగో బోల్టు

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇవాళ మన వాకిట్లో గురజాల డాక్టరుగారి కారుకు పొగగొట్టం మార్చాను. పాతది బిగించింది నువ్వే. నీ చేతి బిగింపు ఇంకా మిగిలింది ఆ కారుకే. నాలుగు బోల్టులూ తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. తొందరపడి తిప్పితే మూడు విరిగాయి.

యుద్ధం ముగిసినా కిరసనాయిలు ఇంకా రేషనే. అయినా అమ్మ దీపంలోది వంచి తెచ్చి నాలుగోదాని మీద పోసింది.

"ఏందిరా ఆ తొందర? వాడు ముందు కాస్త బిగించి, ఆ తర్వాతే ఇప్పేవాడు," అంది.

అట్లాగే చేశాను. కిర్రుమని కదిలింది. మిగతాదంతా వేళ్ళతోనే, చాలా నిదానంగా తిప్పాను. చివరికి ఊడి అరచేతిలో పడింది.

"వచ్చిందా?" అని అడిగింది అమ్మ.

వచ్చిందన్నాను. నువ్వు బిగించింది ఇక ఏదీ మిగల్లేదని మాత్రం చెప్పలేదు.