నాకొచ్చిన ఓపిక

27 నవంబర్ 2004, శనివారం

తొమ్మిదో తరగతి పిల్లల్ని హార్స్లీ హిల్స్‌కు తీసుకుపోయాము. అక్కడి పెద్ద రాతికొండ, గాలిబండ, ఎక్కలేకపోయాను. సగంలో కూర్చుండిపోయాను. రేష్మ ఒక చెయ్యి, మునీశ్వరి ఒక చెయ్యి పట్టుకుని పైదాకా లాగారు. వెనకనుంచి ఎవరో "టీచరమ్మ ఇంజను హీటెక్కింది" అన్నారు. పిల్లలంతా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకా సిగ్గుచేటు కదా.

తిరుగు బస్సులో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. చోటు లేదు మరి.

28 నవంబర్

బెంగళూరు నుంచి ప్రదీప్ ఫోన్ చేశాడు. మాటల్లో నిన్నటి సంగతి చెప్పి ఏడ్చేశాను. తమ్ముడి దగ్గర ఏడవడం కూడా సిగ్గే. వాడు పదిహేను కేజీలు తగ్గాడట. కీటో డైట్ అట. అన్నం, సంగటి, చక్కెర, పండ్లు, దుంపలు అన్నీ బంద్. గుడ్లు, కోడికూర, నెయ్యి, టెంకాయ, ఆకుకూరలు తినొచ్చు. పిండిపదార్థం దొరక్కపోతే ఒళ్ళు తన కొవ్వును తానే కాల్చుకుంటుందట. మొదట్లో కష్టంగా ఉంటుంది, తర్వాత ఎనర్జీ ఎట్లొస్తుందో సూడక్కా అన్నాడు. ముందు డాక్టర్‌కు ఒక మాట చెప్పమని కూడా అన్నాడు.

నాకు జబ్బేముంది, ఒళ్ళు తప్ప.

2 డిసెంబర్

సంగటి వద్దన్నాను. అత్త గరిటె పట్టుకుని అట్లే నిలబడింది. "ఏమ్మే, నేను కెలికిన సంగటి నీకు సేదైపోయిందా?" అంది. కాదత్తా, డైట్ అన్నాను. ఆమెకు డైట్ అంటే ఆస్పత్రిలో పెట్టే బ్రెడ్డు. నన్ను ఎగాదిగా చూసి, ఈ ఇంట్లో సంగటి వద్దన్నవాళ్ళను తానింతవరకూ చూడలేదని గోడకు చెప్పింది.

ఆయన మాత్రం నా ముద్ద కూడా తన కంచంలో వేసుకుని కమ్మగా తిన్నాడు.

5 డిసెంబర్

తలనొప్పి. ఇంకేమీ రాయలేను.

8 డిసెంబర్

నోట్సు తేలేదని మునీశ్వరి మీదికి డస్టర్ విసిరాను. భుజానికి తగిలింది. నా చెయ్యి పట్టుకుని గాలిబండ ఎక్కించిన పిల్ల. ఏడవలేదు. డస్టర్ తీసి బల్ల మీద పెట్టి వెళ్ళి కూర్చుంది. పీరియడ్ అంతా బోర్డు వైపే తిరిగి నిలబడ్డాను.

కాళ్ళు పీకుతున్నాయి. కళ్ళ ముందు మసక. ప్రదీప్‌కు చెబితే, ఉప్పు తగ్గింటాదక్కా, మజ్జిగలో ఉప్పేసుకుని తాగు, ఒళ్ళు అలవాటు పడతాండాది అన్నాడు.

20 డిసెంబర్, ఉదయం ఐదున్నర

మెలకువ దానంతటదే వచ్చింది. మళ్ళీ పడుకోవాలనిపించలేదు! ఈ మాట నా జన్మలో రాస్తాననుకోలేదు. లేచి కళ్ళాపి చల్లి, బోకులు తోమి, స్నానం చేసి కూర్చున్నా ఇంకా తెల్లవారలేదు. ఏం చేయాలో తోచక ఇది రాస్తున్నాను.

అదే రోజు, సాయంత్రం

మధ్యాహ్నం భోజనమయ్యాక ఏడో పీరియడ్‌లో నాకు ఎప్పుడూ తల వాలిపోయేది. పిల్లలకు చదువుకోమని చెప్పి కళ్ళు మూసుకునేదాన్ని. ఈరోజు గంట కొట్టేదాకా నిలబడే పాఠం చెప్పాను. పిల్లలు విసుక్కున్నారు పాపం. ఆటో ఎక్కకుండా నడిచి వచ్చాను. ఆకలి కూడా పెద్దగా లేదు. తల లోపల ఎవరో కిటికీ తెరిచినట్టుంది.

26 డిసెంబర్, ఆదివారం

అటక మీది మూటలన్నీ దించి దులిపాను. రగ్గులు ఉతికాను. ఏదో కూనిరాగం తీస్తున్నానట, అత్త చెప్పేదాకా నాకే తెలియదు. ముందు గదిలో టీవీలో సముద్రం పొంగి ఊళ్ళకు ఊళ్ళు కొట్టుకుపోయాయని చెబుతున్నారు. తడి చేతులతో వచ్చి చూశాను. తల్లులు బిడ్డల కోసం గుండెలు బాదుకుంటున్నారు. కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. కానీ కాళ్ళు నిలవడం లేదు. పోయి మిగతా రగ్గులు కూడా ఉతికేశాను.

అంతమంది పోయిన రోజు నా ఒంట్లో ఇంత ఉత్సాహం ఏమిటి?

9 జనవరి 2005, ఆదివారం

ఇది రాయాలా వద్దా. మధ్యాహ్నం అత్త పక్కింటికి పోయింది. ఆయన కొట్టు మూసి భోజనానికి వచ్చాడు. నేనే తలుపు గడియ పెట్టాను. నలభై నాలుగేళ్ళకు. ఆయన ముందు బిత్తరపోయి, తర్వాత నవ్వి, "ఏం తింటాండావే నువ్వు?" అన్నాడు.

రాసి కొట్టేద్దామనుకున్నాను. కొట్టేయలేదు.

12 జనవరి

స్టాఫ్ రూమ్‌లో అందరికీ కీటో గురించి చెబుతున్నాను. అడగనివాళ్ళకు కూడా. జాకెట్లు వదులయ్యాయి. మెట్లు రెండేసి ఎక్కుతున్నాను. అన్నం తినేవాళ్ళను చూస్తే జాలి వేస్తోంది. ఇది మంచి బుద్ధి కాదని తెలుసు.

ఈరోజు ఆయన్ను కూడా మొదలుపెట్టమన్నాను. ఆరేళ్ళుగా షుగర్ ఆయనకు. పొద్దున పొద్దునే మాత్ర. షుగర్‌కు మూలమే అన్నం కదా, అది మానేస్తే సరిపోతుంది కదా అని నా లెక్క. "నాకు యాల? నేను బాగానే ఉండాను గదా" అన్నాడు. నేను వదల్లేదు. చివరకు "డాక్టర్‌ను ఒక మాట అడగల్ల" అన్నాడు. వాళ్ళు ఏది అడిగినా వద్దంటారు, నన్ను చూడండి, నేను సాక్ష్యం కాదా అన్నాను. నన్ను చూశాడు. సరేలే అన్నాడు.

అత్త సంగటి కెలికే కుండ చిన్నదైంది, ఇప్పుడు తనొక్కదానికే.

24 జనవరి

ఎరువుల కొట్లో ఉండగా ఆయనకు చెమటలు పట్టాయట, చేతులు వణికాయట. బస్తా ఎత్తబోయి కింద పెట్టేశాడట. నాకూ అట్లే అయింది, ఒళ్ళు అలవాటు పడుతోంది, వారం ఓర్చుకోండి అన్నాను. పాఠం చెప్పినట్టు చెప్పాను. తల ఊపాడు.

3 ఫిబ్రవరి

స్కూల్ నుంచి వచ్చేసరికి ఆయన వంటింట్లో నిలబడి బెల్లం తింటున్నాడు. దొరికిపోయిన పిల్లోడిలా గుప్పిట మూసుకున్నాడు. నాకెంత కోపం వచ్చిందో. ఇన్నాళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరు చేశారే అని అరిచాను. "కండ్లు తిరిగినట్ల అయితాండాదే, ఇది తింటే నిమ్మళంగా ఉండాది" అన్నాడు. అది కళ్ళు తిరగడం కాదు, నాలుక చాపల్యం అన్నాను. మిగిలిన ముక్క డబ్బాలో పెట్టేశాడు. చెయ్యి నా చీరకొంగుకు తుడిచి, నవ్వుతూ పోయాడు.

డబ్బా తీసి పై అరలో దాచాను.

13 ఫిబ్రవరి, ఆదివారం

(ఖాళీ)

17 ఫిబ్రవరి, మదనపల్లె ఆస్పత్రి

ఇప్పుడు రాయగలను. రాయాలి.

ఆదివారం కుప్పంలో మా వదిన నాగరత్నమ్మ కొడుకు భరత్ పెళ్ళి. మేనమామ కాబట్టి ఆయనకు పొద్దుటినుంచి ఊపిరాడని పని. మాత్ర వేసుకున్నాడు. రెండు గుడ్లు తిన్నాడు. అవి నేనే ఇంటినుంచి ఉడికించి తీసుకుపోయాను. బియ్యం మూటలు మోయించాడు, తానూ మోశాడు. పదకొండుకల్లా మొహం పాలిపోయింది. నేను చూశాను. చూడలేదని రాయడానికి లేదు.

పంక్తిలో బెల్లం పూర్ణం పెట్టిన ఓళిగ వడ్డించారు, పైన నెయ్యి. ఆయన ఒక తునక విరిచి నోటిదాకా తీసుకుపోయాడు. నేను చెయ్యి పట్టుకుని ఆపి, ఆకులోంచి ఓళిగ తీసేశాను. వదినను పిలిచి, మీ తమ్మునికి స్వీటు పెట్టొద్దు, అన్నం కూడా వద్దు, కూర వేయండి చాలు అన్నాను. గట్టిగానే అన్నాను. నా పట్టుదల నలుగురికీ తెలియాలని. పంక్తంతా నవ్వారు. "దేవరాజులుకు ఇంట్లో కూడా టీచరేనప్పా" అన్నారెవరో. ఆయనా నవ్వాడు. చేతిలో తునక ఆకు అంచున పెట్టేశాడు.

లేచి చేతులు కడుక్కోవడానికి పోయినవాడు మెట్ల మీదినుంచి పడ్డాడు.

నేను పోయేసరికి ఒళ్ళంతా చెమట. చొక్కా పిండితే నీళ్ళు కారేట్టుంది. ఏదేదో మాట్లాడుతున్నాడు. నన్ను చూసి "ఎవురమ్మా నువ్వు?" అన్నాడు. కుడిచెయ్యి వెనక్కి మడతపడి ఉంది. పెళ్ళికి వచ్చిన డాక్టరొకాయన వేలు పొడిచి చూసి షుగర్ ముప్పై ఎనిమిది అన్నాడు. ఎక్కువ కాదు, తక్కువ. తక్కువైనా మనిషి పోతాడట. కుప్పం ఆస్పత్రిలో గ్లూకోజ్ ఎక్కించాక కళ్ళు తేటపడ్డాయి. నన్ను గుర్తుపట్టి అడిగిన మొదటి మాట "నువ్వు తిన్న్యావా?"

అక్కడినుంచి కారులో ఇక్కడికి తీసుకొచ్చాము. భుజం కింద ఎముక విరిగింది. ప్లేటు వేశారు. ఇక్కడి డాక్టర్ ఏం మాత్రలు, ఏం తిండి అని అడిగాడు. అంతా చెప్పాను. డాక్టర్ కోప్పడలేదు. ఆ మాత్ర తిండి ఉన్నా లేకపోయినా షుగర్‌ను తగ్గిస్తూనే ఉంటుంది, తిండి మార్చినప్పుడు మాత్ర మార్చుకోవాలి కదమ్మా, చెమట, వణుకు వచ్చినప్పుడైనా రావాల్సింది అన్నాడు. మీరు టీచర్ కదా అని ఆగిపోయాడు. మా ఆయన మంచం మీదినుంచి "ఆమెదేం లేదు సార్, నేనే కాలు జారి పడినాను, ఆడ అంతా తడి" అన్నాడు.

చూడడానికి వచ్చిన అందరికీ అదే చెబుతున్నాడు. ఆడ అంతా తడి.

22 ఫిబ్రవరి

ఇల్లు చేరాము. శిక్ష వేసుకుందామని అన్నం తింటున్నాను. రెండు పూటలు, కడుపునిండా. మధ్యాహ్నం బల్ల మీద తల పెట్టి నిద్రపోయాను. కొట్టు తెరిచేవాళ్ళు లేరు. సోమల దగ్గర పొలంలో టమాట కోతకు వచ్చింది, చూసేవాళ్ళు లేరు. ఆయన కట్టుతో కూర్చుని ఉన్నాడు.

నా శిక్షకు కూడా తీరిక లేదు.

28 ఫిబ్రవరి

నన్ను కూడా పరీక్ష చేసిన డాక్టర్, మీకు పడితే ఆ తిండే తినండి, అప్పుడప్పుడూ చూపించుకోండి అన్నాడు. మా ఆయనకు మాత్ర తగ్గించి, కొలతగా సంగటి పెట్టమన్నాడు. నేను మళ్ళీ గుడ్లు, నెయ్యికి వచ్చేశాను. ఎనర్జీ మళ్ళీ వచ్చింది. ఏమీ జరగనట్టే వచ్చింది. అదే నాకు నచ్చనిది.

పొద్దున బస్సుకు సోమల పోయి కోత చూసి, వచ్చి స్కూలు, తర్వాత కొట్టు. పక్క పొలం బైరప్ప "మొగోనికంటే మిన్నగా తిరగతాండావమ్మా, ఇంత ఓపిక యాడిదమ్మా నీకు?" అన్నాడు. తల దించుకుని టమాట బాక్సులు చూశాను.

అత్త వచ్చినవాళ్ళందరికీ చెబుతోంది, "మా కోడలు బంగారమ్మా, నా కొడుకు పడిపోతే ఇల్లంతా నెత్తినేసుకోని మోస్తాండాది" అని. వినబడనంత దూరం పోతాను. మళ్ళీ వినబడుతుంది.

6 మార్చి, ఆదివారం

అత్తకు చెప్పేశాను. వేరుశనక్కాయలు ఒలుస్తోంది. కాలు జారడం కాదత్తా, నేనే అన్నాను. మాత్ర సంగతి, బెల్లం సంగతి, ఓళిగ సంగతి అన్నీ చెప్పాను. చాలాసేపు ఒలుస్తూనే ఉంది. తర్వాత చేట పక్కకు జరిపింది.

"ఓపికొచ్చింది ఓపికొచ్చింది అని ఎగిరితివి గదమ్మే. ఆ డాక్టర్‌ను ఒక మాట అడిగే ఓపిక మాత్రం లేకపోయెనా నీకు?"

అంతే అంది. లేచి లోపలికి పోయింది.

ఆయనకు తెలిసి, ఎందుకు చెప్పావన్నట్టు చూశాడు.

10 మార్చి

అత్త మాట్లాడడం లేదు. నేను ఎక్కువ పని చేస్తున్నాను.

15 మార్చి

పొద్దున వంటింట్లోకి పోతే పొయ్యి పక్కన మూత పెట్టిన గిన్నె. రెండు గుడ్లు, ఒలిచి, మిరియాలపొడి చల్లి, నెయ్యి వేసి. అత్త నా వైపు తిరగకుండానే అంది. "నీ తిండి నువ్వు తినిపో. వానికి నేను పెడతాను." అప్పుడే కెలికిన సంగటి చిన్న ముద్ద చేసి, ఆయన ఎడమచేతికి అందేట్టు కంచం జరిపి పక్కనే కూర్చుంది. ఆయన తింటున్నంతసేపూ మొహమే చూస్తోంది.

ఆయన తిండి నా చేతిలోంచి పోయింది. పోవాల్సిందే. నిలబడే గుడ్లు తినేశాను. ఎంత బాగున్నాయో, అంత సిగ్గేసింది.

19 మార్చి

కొట్లో స్టాకు సర్దాను. గోడలు దులిపాను. ఇంటికి వచ్చి ఆయన చొక్కాలన్నీ ఇస్త్రీ చేశాను. ఆయన మంచం మీదినుంచి "రవ్వంతసేపు కూసోవే. నువ్వు తిరగతాంటే నాకు ఆయాసమొస్తాండాది" అన్నాడు. ఇంకా ఉన్నాయి, వస్తాను అన్నాను.

ఏమున్నాయి? ఏమీ లేవు. బోకులు కూడా తోమేశాను. పడినప్పటినుంచి ఆయన పక్కన ఊరికే కూర్చోలేదని ఇప్పుడే గమనించాను.

20 మార్చి, ఆదివారం

కూర్చున్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయన ఎడమచేత్తో ఒకటి పట్టుకున్నాడు. రెండోది చాలాసేపు అట్లే ఉండిపోయింది.