చుక్క కారలే

సిరిసిల్ల, బుధవారం.

ముస్తాబాద్ పటేల్ పాత బుల్లెట్‌కు ఇయ్యాల కొత్త ఆయిల్ పైపులు ఏసిన. రాగి గొట్టంల ఇసుక నింపి, ఎర్రగ కాల్చి, మెల్లగ వంచిన.

"జల్ది కానియ్ రా. అడివిల అన్నలు బెదిరిచ్చుకుంట చిట్టీ పంపిండ్రు. తెల్లారితే ఊరిడిసి పోవాలె" అన్నడు.

గా చిట్టీ రాసింది నేనే. ఎర్ర ఇంకుతోని, నవ్వులాటకు.

"ఎవడన్న పరాచికమాడిండేమో పటేలా" అన్న.

"పాణంతోని పరాచికమాడేటోడు ఉంటడారా?"

నిజం చెప్తే పోలీసులు తోలు తీస్తరు, వాళ్ల పేరు వాడినందుకు అన్నలు పాణమే తీస్తరు. పైపు కొంచెం వదులుగ పెడితే ఆయిల్ కారి ప్రయాణం ఆగుతదనుకున్న. నడిబాటల ఇంజను పట్టేసి పటేల్ కింద పడితే? గట్టిగనే బిగించిన.

కిక్కు కొట్టిండు. ఒక్క చుక్క కారలే.

"నీ చెయ్యి సల్లగుండ" అనుకుంట చిట్టీ రాసిన గా చెయ్యే పట్టుకున్నడు.