ఎడమ మోచేతి కింద మెత్త

మంగళవారం రాత్రి

కారులో మా ఆయన మోచెయ్యి ఆనించుకునే మెత్త పూర్తయింది. సాక్చి బజారులో కొన్న స్పాంజిని చెక్కముక్కకి అంటించి, పైన నల్ల రెక్సిన్ లాగి చిన్న మేకులు కొట్టాను. రెండు సీట్ల మధ్య చక్కగా ఇమిడింది. "గేరు మార్చి మార్చి ఎడంచెయ్యి లాగేత్తందే" అని ఆయన అడిగితేనే మొదలుపెట్టాను. ఒక్క ముడత లేకుండా కుదిరిందని పొద్దున మురిసిపోయాను కూడా.

సాయంత్రానికి మెత్త కారులో లేదు. ఆయన హాల్లో కుర్చీలో కూర్చుని, దాన్ని ఒళ్లో పెట్టుకుని, ఎడమచెయ్యి దాని మీద వాల్చి ఉన్నారు. ఫ్యాను తిరుగుతున్నా నుదుటి నిండా చెమట.

"ఏటయిందండీ? ఇక్కడ గేరెక్కడుంది?" అన్నాను.

"చుప్! ఈ నొప్పి గుండెల్లోంచని రైల్వే డాక్టరుకి తెలిత్తే ఇంజిన్ ఎక్కనివ్వరు. రిటైరయ్యేదాకా ఓర్చుకుంటాను, ఎవరికీ చెప్పకు."

అంత పొడుగు గూడ్సు బండి నడిపే మనిషి.

రేపు తెల్లవారుజామున డ్యూటీ. ఎప్పటిలాగే ఆయన పెట్టెలో టార్చి, జెండాలు, చపాతీలు సర్దాను. మెత్త కూడా పెట్టమన్నారు.

పెట్టాను.