దాచిపెట్టిన సాకే

అశోక్ నగర్,
మే 1998.

ఉమాకాంత్ అన్నకు నమస్తే.

కంపెనీ ట్రైనింగుకు జపాన్ వెళ్లినప్పుడు మీరు తెచ్చిచ్చిన సాకే ఎలా ఉందని అడిగారు. నిన్ననే సీసా తెరిచాను.

అది బియ్యంతో చేసిన మేలురకం మద్యమనీ, చల్లగా తాగాలనీ, ఎవరి గ్లాసు వాళ్లు నింపుకోకుండా ఒకరికొకరు పోసుకోవాలనీ మీరప్పుడే చెప్పారు. నా రూమ్మేట్ సురేశ్ మాత్రం, "సర్కారు నౌకరి వచ్చిన్నాడే తీద్దాం. అప్పటిదాంక ఉంటే ఇంకింత రుచొస్తది" అన్నాడు. సరేనన్నాను. మద్యనిషేధం వచ్చాక ట్రంకుపెట్టెలో పోటీపరీక్షల గైడ్ల కింద దాచాం. ప్రతి ఎండాకాలం అది మాతోపాటే రేకుల కప్పు కింద ఉడికింది.

సురేశ్ పోయిన నెల సామాను సర్దుకుని ఊరికి వెళ్లిపోయాడు, ఇక రాడు. నాకు పరీక్షలు రాసే వయసు దాటిపోయింది.

నారాయణగూడలో చెరుకురసం బండి దగ్గర ఐసు తెచ్చి సీసాను చల్లబరిచాను. పోసేవాళ్లు లేరు కాబట్టి నేనే పోసుకున్నాను. రంగు పసుపుపచ్చగా మారిపోయి, మాడిన బెల్లం వాసన వేసింది. కానీ గుటక దిగాక ఒక్క క్షణం, మాగిన జామపండు లాంటి పరిమళం నాలుక మీద నిలిచింది. కళ్లు మూసుకున్నాను. మీరు మెచ్చుకున్న రుచి అదే అయ్యుంటుంది. రెండో గుటకలో ఎంత వెతికినా దొరకలేదు.

ఏడాదిలోపే తాగేయాలని మీ ఉత్తరం చూశాకే తెలిసింది. ఇంకో సీసా పంపుతానన్నారు. వద్దు, అన్నా. పంపితే దాన్ని కూడా దాచిపెడతాను.

మీ తమ్ముడు